మొదటి పవర్‌లిఫ్టింగ్ మీట్, ఇంకా 7 వారాలే ఉంది. 63 కేటగిరీకి దిగాలా వద్దా?

మందులషాపు_అక్క

నమస్తే అందరికీ. ఏడాదిగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పెద్దదైతే ఏమనుకోకండి.

నాకు 34. తెనాలి దగ్గర మాకు మందుల షాపు ఉంది, ఫార్మసిస్టుని నేనే, పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకి దించడం, మధ్యలో రెండు గంటలు ఇల్లు. (రోజూ షట్టర్ ఎత్తుతున్నావుగా ఇంకేం ఎత్తాలి అనే జోకు మా ఇంట్లో అయిపోయింది, మీరెవరూ మళ్ళీ వెయ్యక్కర్లేదు.) బాబు రెండో తరగతి, స్కూలు వ్యాను ఎనిమిదింపావుకి వస్తుంది. అత్తయ్యగారికి ఆగస్టులో తుంటి ఎముక ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నారు, రాత్రి ఒక్కసారైనా లేచి బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే "ముందు ఎనిమిది గంటలు నిద్రపోండి" అని ఎవరూ రాయకుండా. ఐదున్నర గంటలు పడితే ఆ రోజు పండగ నాకు.

జిమ్ము పొద్దున ఐదుంపావు నుంచి ఆరూముప్పావు దాకా, ఆదివారం సెలవు. రెండేళ్ళ క్రితం నడుం నొప్పని వెళ్తే అక్కడి ట్రైనర్ కుర్రాడు నెల తిరక్కుండా ట్రెడ్‌మిల్ మీంచి దింపేసి బార్ చేతిలో పెట్టాడు, ఇక అంతే, అలవాటైపోయింది. ఇప్పుడు స్క్వాట్ (బార్ భుజాన వేసుకుని కూర్చుని లేవడం) 85, బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి పైకి తోయడం) 42.5, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి లాగి నిలబడటం) 105 కేజీలు, మూడూ ఒక్కో రెప్, అంటే ఒక్కసారి ఎత్తినవి. పవర్‌లిఫ్టింగ్ అంటే ఈ మూడే. డిసెంబర్ మూడో ఆదివారం జిల్లా మీట్ ఉంది, క్లాసిక్ (ప్రత్యేకమైన బిగుతు సూట్లు లేకుండా), ఐపీఎఫ్, అదే అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ ఫెడరేషన్, రూల్సే అన్నారు. పేరిచ్చేశాను, డబ్బు కట్టేశాను, కట్టిన సాయంత్రం నుంచి కడుపులో తిప్పుతోంది.

ఇప్పుడు అడగాల్సింది. పొద్దున పరగడుపున నా బరువు 64.1. కేటగిరీ 63, అది దాటితే 69. ట్రైనర్ ఏమో ఒక్క కేజీయేగా అక్కా దించెయ్యి, 69లో పెద్ద పెద్దోళ్ళు వస్తారు అంటున్నాడు. ఎలా దించాలి? నిజం చెప్పేస్తున్నా, మా షాపులో రెండో అరలో నీళ్ళ బిళ్ళ (ఒంట్లో నీరు మూత్రంగా పంపేసేది) ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది, ఒక్కటి వేసుకుంటే పోదా అని రెండు రాత్రులు ఆలోచించాను కూడా. ఇంకోటి, ఈ 7 వారాలు ఏం చెయ్యాలో కూడా చెప్పండి, పైగా కార్తీకమాసం నడుస్తోంది, ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. మూడోది అడగడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, ఆ సింగ్లెట్, అదే ఒంటికి అతుక్కునే పోటీ డ్రెస్సు, వేసుకుని అంతమంది ముందు నిలబడాలా? మా ఆయన సపోర్టే గానీ ఆయనకి ఇప్పటికీ ఇది కరణం మల్లీశ్వరి గారిలా తల మీదకి ఎత్తే ఆటే అనుకుంటున్నారు, చెప్పీ చెప్పీ వదిలేశాను.

డల్లాస్_బార్‌బెల్

కంగ్రాట్స్ అండి! కేజీ వంద గ్రాములంటే అసలు మేటరే కాదు. చివరి వారం నీళ్ళు బాగా తాగి ముందు రోజు ఆపేయండి, ఉప్పు తగ్గించండి, రాత్రి వేడి నీళ్ళ టబ్‌లో ఒక అరగంట. నేను పోయిన ఏడాది ఇలాగే రెండున్నర కేజీలు దించి 83లోకి వచ్చాను, తెల్లారేసరికి తిని తాగి మళ్ళీ ఎప్పటిలాగే. బిళ్ళలు మాత్రం వద్దు.

పాత_రెఫరీ

డల్లాస్ బాబూ, మీ మీట్‌లో వెయిట్-ఇన్ ఎప్పుడు? ముందు రోజు అయ్యుంటుంది. అక్కడ కొన్ని ఫెడరేషన్లలో 24 గంటల ముందే తూకం వేస్తారు, రాత్రంతా తినొచ్చు తాగొచ్చు. ఐపీఎఫ్ రూల్‌లో పోటీకి రెండు గంటల ముందు మొదలుపెట్టి గంటన్నరలో తూకం ముగిస్తారు. ఒంట్లో నీళ్ళన్నీ పిండుకుని వచ్చిన మనిషి రెండు గంటల్లో ఏం కోలుకుంటుంది? స్క్వాట్‌కి వెళ్ళేసరికి తొడలు పట్టేస్తాయి. ఇలా వచ్చిన కుర్రాళ్ళని బల్ల మీద పడుకోబెట్టి ఓఆర్ఎస్ పట్టించిన రోజులు నాకున్నాయి.

అమ్మా, నువ్వు 69లో దిగు. ఇందులో ఆలోచించడానికేం లేదు. రికార్డు కొట్టడానికో స్టేట్ టీమ్‌లో చోటు కోసమో వెళ్ళేవాళ్ళకి కేటగిరీ లెక్కలు, మొదటి మీట్‌కి వెళ్ళేవాళ్ళకి కాదు. ఇక ఆ బిళ్ళ మాట. ఫార్మసిస్టువి, నీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఫ్యూరోసెమైడ్ లాంటి మూత్రం బిళ్ళలు డోపింగ్ లిస్టులో పోటీ రోజే కాదు, ఏడాది పొడుగునా నిషేధం. బరువు దించడానికే కాదు, వేరే మందు వాడింది కనపడకుండా చెయ్యడానికి కూడా వాడతారని. ఇంకా మీ కౌంటర్ మీద ఉండే జలుబు మందుల్లో సూడోఎఫెడ్రిన్ ఉన్నవి పోటీ రోజుల్లో పనికిరావు, ట్రమడాల్ 2024 జనవరి నుంచి పోటీలో నిషేధం. జిల్లా మీట్‌కి నాడా వాళ్ళు, అదే డోపింగ్ టెస్టులు చేసే ఏజెన్సీ వాళ్ళు, రారులే అంటారు, రాకపోవచ్చు, అయినా అలవాటు చేసుకోకూడదు.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎందుకంటే మొదటిసారి వచ్చినవాళ్ళు బరువు ఎత్తలేక పోయేది తక్కువ, ఆగలేక పోయేది ఎక్కువ. స్క్వాట్‌లో బార్ భుజాన వేసుకుని, వెనక్కి నడిచి, మోకాళ్ళు బిగించి కదలకుండా నిలబడితే మధ్య రెఫరీ చెయ్యి కిందకి దించి "స్క్వాట్" అంటాడు. అప్పుడే దిగాలి. తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందకి పోవాలి, సమానంగా ఉంటే చాలదు. లేచాక మళ్ళీ బిగించి నిలబడాలి, "రాక్" అనేదాకా ముందుకి అడుగు వెయ్యకూడదు. బెంచ్‌లో మూడు మాటలు, "స్టార్ట్", ఛాతీ మీద బార్ కదలకుండా ఆగాక "ప్రెస్", పైకి వెళ్ళాక "రాక్". తల, భుజాలు, పిరుదులు బెంచీకి ఆనే ఉండాలి, మడమలు నేలకి. 2023 నుంచి మోచేతుల రూల్ కూడా వచ్చింది, మోచేతి కింది భాగం భుజం కీలు పైభాగానికి సమానంగానో కిందకో రావాలి, నడుం బాగా వంచి రెండంగుళాలు కదిపేవాళ్ళకే ఆ బాధ, నీకుండదు. డెడ్‌లిఫ్ట్‌కి మొదలుపెట్టమని ఎవరూ చెప్పరు, చివర "డౌన్" ఒక్కటే, అదీ వదిలేయడం కాదు, రెండు చేతులతో పట్టుకునే దించాలి.

ఇవాళ్టి నుంచి జిమ్‌లో ప్రతి సెట్ చివరి రెప్‌కి ఆ ట్రైనర్ కుర్రాడి చేత ఈ మాటలు అనిపించు. ఒక్కోసారి కావాలనే మూడు సెకన్లు ఆలస్యం చెయ్యమను. మీ బెంచ్ 42.5 ఛాతీ మీద ఆపి చేసిందా, తగిలించి లేపిందా? తగిలించిందే అయితే 40 అనుకో.

హన్మకొండ_లైన్‌మెన్

అక్కా, పెద్దాయన చెప్పింది అక్షరాల నిజం. నాదొకటి అడుగుత, మీ జిమ్ల ప్లేట్లు ఎప్పుడన్న తూకమేసిండ్రా?

నేను కరెంటోళ్ళ దగ్గర పని చేస్త, వానొచ్చిందంటే రాత్రి లేదు పగలు లేదు పోల్ మీదనే. నా మొదటి మీట్‌కు ముందు జిమ్ల డెడ్‌లిఫ్ట్ 200 కొట్టిన అని కాలనీ అంత చెప్పుకున్న, మా బామ్మర్ది అయితే స్టేటస్ గూడ పెట్టిండు. ఆడికి పోయినంక 190 నేల ఇడువలే అక్కా. అట్లనే అతుక్కున్నట్టు ఉన్నది. ఇంటికొచ్చి తూకమేస్తే మా జిమ్ల 20 అని రాసున్న ప్లేట్ 18 కిలోల 300 గ్రాములు, ఒక్కటి గాదు నాలుగు గట్లనే ఉన్నయి. మీట్ల కాలిబ్రేటెడ్ ప్లేట్లు, అంటే కచ్చితమైన తూకమున్నయి ఉంటయి, బార్ 20, ప్లేట్లు జారకుంట బిగించే కాలర్లు రెండు కలిపి 5, అంటే ఒట్టి బార్ తోనే 25 లెక్క. ఎర్రది 25, నీలంది 20, పచ్చది అంటే పసుపుపచ్చది 15, ఆకుపచ్చది 10.

ఇంకోటి, ప్లేట్ ఎత్తు గూడ సూడు. మీట్ల పెద్ద ప్లేట్ 45 సెంటీమీటర్లు ఉంటది, అంటే బార్ నేల నుంచి 22న్నర సెంటీమీటర్ల ఎత్తుల ఉంటది. మా జిమ్ల మూలలున్న ప్లేట్లు ఉండె, ఒకసారి మూల మీద ఒకసారి పక్క మీద నిలబడ్తది, ఒక్కో రెప్‌కు ఒక్కో ఎత్తు. గట్ల నేర్సుకున్న నేను.

నిద్ర సంగతి. రాత్రి డ్యూటీ పడ్డ దినం నేను జిమ్ మానెయ్య, బార్ మీద పదో వంతు తగ్గిస్త, సెట్లు సగం చేస్త, ఇంటికొస్త. మానేస్తే రెండో రోజు గూడ మానబుద్ధయితది.

మందులషాపు_అక్క

లైన్‌మెన్ తమ్ముడూ, నువ్వు బానే చెప్పావు గానీ నాకు రెండు రోజులు అన్నం సహించలేదు నీ వల్ల. వివరంగా రాస్తాను.

మా జిమ్ కింద బియ్యం కొట్టు ఉంది, బయట పెద్ద కాటా, బస్తాలు తూచేది. నిన్న పొద్దున ట్రైనరూ నేనూ ప్లేట్లు ఒక్కొక్కటే మెట్ల మీంచి దింపాం. కొట్టాయన అప్పుడే అగరొత్తులు వెలిగిస్తున్నాడు, మా చేతుల్లో ఇనుము చూసి "పాత సామాన్లు కొనేవాడు రెండో సందులోనమ్మా" అన్నాడు. విషయం చెప్తే ఆయనకే ఎక్కువ ఉత్సాహం వచ్చి అంకెలు ఒక బిల్లు వెనకాల రాయడం మొదలెట్టాడు. ఇరవైలు నాలుగూ 19.2, 18.9, 19.4, ఒక్కటి మాత్రం 20.1. పదులు 9.8, 10.3. చిన్నవి కరెక్టుగానే ఉన్నాయి. బార్ కాటా మీద నిలబడదుగా, నేను బార్ పట్టుకుని ఎక్కాను, 81.6 చూపించింది. దాంట్లోంచి నన్ను తీసేస్తే 17.5. రెండేళ్ళుగా నేను 20 అనుకుంటున్న బార్ అది!

అన్నీ కూడితే నా 85 స్క్వాట్ 80.7. నా 105 డెడ్‌లిఫ్ట్ 100.1. బెంచ్ 40.1, అదీ పెద్దాయన పట్టుకున్నట్టు తగిలించి లేపిందే. కొట్టాయన ఆ బిల్లు నా చేతికిస్తూ "తూకంలో మోసం మా వ్యాపారంలోనే అనుకున్నా" అన్నాడు.

పెద్దాయన గారూ, బిళ్ళ మాట రాసినందుకు సిగ్గేసింది. ఆ బిళ్ళ కొనడానికి వచ్చే ప్రతి ముసలాయనకీ పొటాషియం టెస్టు చేయించుకున్నారా అని అడిగేది నేనే మళ్ళీ. 69 ఖాయం.

నిజాలు_మాట్లాడదాం

ఆడవాళ్ళకి ఇంత బరువులు అవసరమా? గర్భసంచి జారిపోద్ది అని మా ఊళ్ళో డాక్టరమ్మే చెప్పింది. యోగా చేసుకోవచ్చుగా.

రెండో_ర్యాక్

పైనాయనకి: మల్లీశ్వరి గారు సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 స్నాచ్, 130 క్లీన్ అండ్ జెర్క్, మొత్తం 240 ఎత్తింది 2000లో. ఇంకా ఇక్కడే ఉన్నారా? మా ఊళ్ళో నాట్లేసే ఆడవాళ్ళు వరి మోపులు మోసినప్పుడు ఎవరి గర్భసంచీ గుర్తుకురాదు మీకు.

అక్కా, నేను గుంటూరు వైపే, స్కూల్లో లెక్కల టీచర్ని, మూడు మీట్లు చేశాను, ఇద్దరు పిల్లలు. సింగ్లెట్ గురించి నాకూ మొదట్లో అలాగే ఉండేది. నల్లది కొనుక్కో, కాస్త మందం గుడ్డది, లోపల టీషర్టు ఎలాగూ వేసుకోవాలి. పేరు పిలిచేదాకా పైన ట్రాక్ ప్యాంటూ జాకెట్టూ తియ్యకు, మెడలో చున్నీ వేసుకుని కూర్చున్నవాళ్ళు కూడా ఉంటారు. స్టేజి మీద ఉండేది ఒక్క నిమిషం, ఆ నిమిషంలో నీ కళ్ళకి జనం కనపడరు. నల్లదే ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది, నా రెండో మీట్ రోజే పీరియడ్స్ వచ్చాయి, తెల్లారుజామున నాలుగింటికి, కూర్చుని ఏడ్చాను కూడా. తర్వాత ఆ రోజే నా బెస్ట్ డెడ్‌లిఫ్ట్ పడింది. డేట్ లెక్కేసుకుని బ్యాగులో అన్నీ పెట్టుకో, ఒక జత బట్టలు అదనంగా.

బ్యాగు అంటే గుర్తొచ్చింది, మోకాళ్ళ దాకా సాక్సులు కావాలి డెడ్‌లిఫ్ట్‌కి, మోకాలి కింద గీసుకుని రక్తం బార్‌కి అంటకుండా. స్పోర్ట్స్ షాపులో ఫుట్‌బాల్ సాక్సులంటే ఇస్తారు. సాక్సు, మోకాలి స్లీవ్ (మోకాలికి వేసుకునే బిగుతు తొడుగు) ఒకదానికొకటి తగలకూడదు. బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు దాటకూడదు, మందం 13 మిల్లీమీటర్లు, జిమ్‌లో ఉండే వెనకాల వెడల్పాటి బెల్టు పనికిరాదు. స్లీవ్స్ 7 మిల్లీమీటర్ల లోపు. అప్రూవ్డ్ కంపెనీవే కావాలా అని మాత్రం నిర్వాహకులకి ఫోన్ చేసి అడుగు, చిన్న మీట్లలో ఒక్కోచోట ఒక్కోలా చూస్తున్నారు, అయిదారు వేలు ఊరికే పొయ్యకు. పిల్లల పౌడర్ డబ్బా ఒకటి, డెడ్‌లిఫ్ట్‌కి తొడల మీద రాసుకోవడానికి, ఇంకొకళ్ళ చేత రాయించుకో, అరచేతులకి అంటిందా బార్ జారిపోద్ది. చేతిని బార్‌కి కట్టుకునే పట్టీలు, అదే స్ట్రాప్స్, వాడనివ్వరు, కాబట్టి ఇప్పటినుంచే మానెయ్.

తిండి. కార్తీకం నేనూ చేస్తాను. నీ బరువుకి రోజుకి వంద నుంచి నూట ఇరవై గ్రాముల ప్రోటీన్ అంటే చాలు. పప్పుతోనే అవుతుంది అనేవాళ్ళని నమ్మకు, గరిటెడు పప్పులో ఏడెనిమిది గ్రాములు ఉంటే ఎక్కువ. మీల్‌మేకర్ ఎండువి యాభై గ్రాములు తీసుకుంటే పాతిక గ్రాములు వస్తుంది, వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి వంకాయలో పడేస్తే మా మామగారు గుర్తుపట్టలేదు. పెసరట్టు, పనీరు, రెండు గ్లాసుల పాలు, మజ్జిగ కాదు గట్టి పెరుగు. వే పౌడర్ ఒక్క స్కూపు పాలల్లో, అది పాల నుంచి తీసిందే అని మీ అత్తయ్యగారికి డబ్బా మీద చదివి వినిపించు. కార్తీకం పోయాక గుడ్లు ఎలాగూ ఉన్నాయి, ఒక్కోటి ఆరు గ్రాములు.

ప్లాను. నీకున్నది వారానికి మూడు పొద్దులు అనుకో, నాలుగోది దొరికితే బోనస్, దాని మీద ఏదీ ఆధారపడకూడదు. సోమవారం స్క్వాట్ బరువు, బెంచ్ తేలిక. బుధవారం బెంచ్ బరువు, ఛాతీ మీద ఆపి, తర్వాత డెడ్‌లిఫ్ట్ తేలిక. శుక్రవారం డెడ్‌లిఫ్ట్ బరువు, స్క్వాట్ తేలిక. కొట్టాయన బిల్లు మీద అంకెలతోనే లెక్క కట్టు, జిమ్ అంకెలతో కాదు. మొదటి మూడు వారాలు అయిదేసి రెప్‌లు, స్క్వాట్ 60 దగ్గర మొదలెట్టి వారానికి రెండున్నర. తర్వాత రెండు వారాలు మూడేసి, 65 నుంచి 70. ఆరో వారం ఒక్కోటే రెప్, ఓపెనర్ (మీట్‌లో మొదటి అటెంప్టు) బరువు, అదీ కమాండ్లతో. ఏడో వారం దాదాపు ఏమీ లేదు, బార్ కదిలించి రావడమే. చివరి బరువైన డెడ్‌లిఫ్ట్ మీట్‌కి పది పన్నెండు రోజుల ముందు, స్క్వాట్ ఒక ఎనిమిది రోజుల ముందు, బెంచ్ అయిదు రోజుల ముందు అయిపోవాలి. మధ్యలో "ఒక్కసారి 85 చూద్దాం" అని బుద్ధి పుడుతుంది, ముఖ్యంగా కాటా విషయం తెలిశాక. చూడకు.

పాత_రెఫరీ

టీచరమ్మ చెప్పింది బావుంది. ఓపెనర్లు నేను చెప్తాను: స్క్వాట్ 72.5, బెంచ్ 35, డెడ్‌లిఫ్ట్ 90. నిద్రలేని రోజున, జ్వరం వచ్చిన రోజున కూడా మూడు రెప్‌లు పడే బరువు ఓపెనర్ అంటే. ఒక్కో లిఫ్ట్‌కి మూడు అటెంప్టులు, ఒక లిఫ్ట్‌లో మూడూ పోతే టోటలే (మూడు లిఫ్టుల బెస్ట్ కూడిన మొత్తం) లేదు, బస్సెక్కడమే. ఒకసారి ఎత్తడానికి దిగిన బరువు కంటే తర్వాత తగ్గించడం కుదరదు, అదే మళ్ళీ చెయ్యొచ్చు. అటెంప్టు అయ్యాక ఒక్క నిమిషంలో తర్వాతి బరువు బల్ల దగ్గర చెప్పాలి, చెప్పకపోతే గెలిచిన దాని మీద రెండున్నర వాళ్ళే వేసేస్తారు. మీ ఆయన్ని ఆ పనికి పెట్టు, నువ్వు కూర్చో. స్క్వాట్, బెంచ్‌లలో మూడోది ఒకసారి చెప్పాక మార్చలేవు, డెడ్‌లిఫ్ట్ మూడోది మాత్రం రెండుసార్లు మార్చుకోవచ్చు. స్క్వాట్ స్టాండు ఎత్తు, బెంచ్ స్టాండు ఎత్తు ఎంతో తూకం దగ్గరే చెప్పాలి, ముందే చూసుకుని రా. ఇక పొద్దున తొమ్మిదికి అంటే తొమ్మిదికి మొదలవ్వదు, ఇడ్లీ, అరటిపళ్ళు, డబ్బాలో పెరుగన్నం తెచ్చుకో.

డల్లాస్_బార్‌బెల్

వెయిట్-ఇన్ విషయం ఒప్పుకుంటున్నా సార్, మాది ముందు రోజే. ఇక్కడ నా జిమ్ ప్లేట్లు కూడా తూకం వేద్దామనుకున్నా, భయమేసి ఆగిపోయా.

మందులషాపు_అక్క

(ఏడు వారాల తర్వాత)

అయిపోయింది! నిన్న రాత్రి పదింటికి ఇల్లు చేరాం, ఇవాళ షాపుకి సెలవు పెడదామనుకుని మళ్ళీ తీశాను, కౌంటర్ దగ్గర కూర్చునే రాస్తున్నా, మధ్యలో ఎవరైనా వస్తే ఆపుతాను.

ప్లాను సగం జరిగింది సగం లేదు. మూడో వారం బాబుకి జ్వరం, నాలుగు రోజులు జిమ్ లేదు. అయిదో వారం అత్తయ్యగారికి చెకప్, డాక్టరు వాకర్ తీసేసి చేతికర్ర ఇచ్చారు, ఆ రోజు మాత్రం నేనే కావాలని మానేశాను. లైన్‌మెన్ తమ్ముడి పదో వంతు లెక్క ఎన్నిసార్లు వాడానో. మీల్‌మేకర్ మా మామగారు కాదు గానీ బాబు పట్టేశాడు, "ఇది స్పాంజి" అని.

తూకంలో 64.6. తొమ్మిదికన్నది పదకొండూ ఇరవైకి మొదలైంది. వార్మప్ దగ్గర రెండు జడల పిల్ల ఒకటి, ఇంటర్ చదువుతోందట, 47 కేటగిరీ, నా కంటే బరువు లాగుతోంది మాట్లాడుతూ మాట్లాడుతూనే, చూసి నా పొట్టలో ఉన్న ఇడ్లీ కదిలింది.

మొదటి స్క్వాట్ 72.5. దిగాను, లేచాను, ఈక లాగా లేచింది, అప్పుడే మా ఆయన "అయిపోయిందీ" అని చప్పట్లు కొట్టారు, నేను ఆ చప్పట్లకే బార్ తీసుకెళ్ళి స్టాండులో పెట్టేశాను. రెఫరీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మూడు ఎర్రలైట్లు, అంటే ముగ్గురు రెఫరీలూ చెల్లదన్నారు. పెద్దాయన గారూ, ఏడు వారాలు ఆగడమే నేర్చుకున్నాను, అక్కడ నాలుగు సెకన్లు ఆగలేకపోయాను. రెండోసారి మళ్ళీ అదే 72.5, ఈసారి "రాక్" అన్నాక కూడా అర సెకను నిలబడి ఆయన మొహం చూశాను, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, జనం నవ్వారు. మూడోది 77.5, మూడు తెల్లలైట్లు. అంతకంటే ఎక్కువ అడగడానికి ధైర్యం చాలలేదు.

బెంచ్ 35, 37.5, 40, మూడూ పడ్డాయి. 40కి ఛాతీ మీద ఆగిన సేపు నాకు మా షాపు అద్దె బాకీ కూడా గుర్తొచ్చింది.

డెడ్‌లిఫ్ట్ 90, 97.5. మా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి మూడోది 102.5 అని చెప్పి వచ్చారు. నేను కుర్చీలో కూర్చుని ఆ బిల్లు కాగితం గురించే ఆలోచిస్తున్నా. జిమ్‌లో 105 అని రాసుకున్నది, కాటా మీద 100 అయింది. లేచి నేనే వెళ్ళి 105కి మార్చమన్నాను, మార్చొచ్చని మీరు చెప్పబట్టే తెలుసు. బార్ నేల వదిలే దగ్గర చాలా సేపు ఏమీ జరగలేదు, నిజంగా ఏమీ జరగలేదు, తర్వాత కదిలింది, మోకాళ్ళు దాటాక నాకు తెలిసిపోయింది. "డౌన్" అన్నాడు, ఈసారి విన్నాను. రెండు తెల్లలు, ఒక ఎర్ర. చాలు.

మొత్తం 222.5, తొమ్మిదిలో ఎనిమిది. మా కేటగిరీలో ముగ్గురం, నేను రెండో స్థానం. సింగ్లెట్ సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, అక్కడ అసలు తట్టనే లేదు.

రాత్రి అత్తయ్యగారు మేలుకునే ఉన్నారు. మెడల్ చేతిలో పెడితే తిప్పి చూసి, ఎంత ఎత్తావు అన్నారు. నూట ఐదు అన్నాను. "అంటే ఎన్ని బస్తాలు?" అన్నారు. ఇప్పుడు బియ్యం బస్తా ఇరవై ఆరు కేజీలు కదా, జీఎస్టీ గొడవొచ్చినప్పటి నుంచి, నాలుగు బస్తాలు పైన ఒక కేజీ అని చెప్పాను. ఆవిడ కాసేపు లెక్క చూసుకుని, "మరి మొన్న ఒక్క బస్తా లోపల వెయ్యడానికి ఆ కొట్టు కుర్రాడికి ఇరవై రూపాయలు ఎందుకిచ్చావే?" అన్నారు.